కంట్లో లేజర్ పడ్డాక ఏది చేయించాలి, దేనికి ఆగాలి

కోఠీలో మాది షీల్డులు, మెమెంటోలు, నేమ్‌ప్లేట్లు చేసే చిన్న షాపు. పంద్రాగస్టు ముందు వారం స్కూళ్ల ఆర్డర్లతో ఊపిరాడదు. కిందటేడు అలాంటి ఒక సాయంత్రం స్టీలు పతకాల మీద పేర్లు వేస్తున్నాను. ఫోకస్ కుదరడం లేదని మిషన్ ముందున్న కవర్ తీసేసి వంగి చూశాను. గాగుల్స్ గోడకు మేకు మీదే ఉన్నాయి. పతకం అంచుకు తగిలి ఏదో తిరిగొచ్చింది. వెలుగేమీ కనబడలేదు, ఆ మిషన్ లేజర్ కంటికి కనబడే రకం కాదు. ఎడమ కంట్లో మాత్రం 'టప్' మన్నట్టయింది, తల లోపలి నుంచి విన్నట్టు. నొప్పి లేదు, మంట లేదు, నీళ్లు కూడా కారలేదు.

కాసేపటికి గోడ మీద క్యాలెండర్ చూస్తే పద్నాలుగో తారీకు లేదు. కుడి కన్ను మూసి మళ్లీ చూశాను. పదమూడు ఉంది, పదిహేను ఉంది, మధ్య గడిని బూడిద రంగు చుక్క మింగేసింది. చుట్టూ గడుల గీతలు ఆ చుక్క వైపు గుంజినట్టు వంగి ఉన్నాయి. చూపు పక్కకు జరిపితే చుక్క కూడా నాతోపాటే జరిగి పదహారు మీద కూర్చుంది.

ఆ తర్వాత పది రోజుల్లో నాకు అందిన సలహాలు వింటే నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. స్టెరాయిడ్ మాత్రలు వెంటనే వేసుకోవాలని ఒకరు, అసలేమీ వాడకుండా ఆగాలని ఇంకొకరు. మెడికల్ షాపతను లూటిన్ గోళీలు ఇచ్చాడు. మా బావమరిది స్టెమ్ సెల్ అన్నాడు. అమ్మ నందివర్ధనం పూలు కోసుకొచ్చింది. వీటిలో ఏది ఎప్పుడు పనికొస్తుంది, ఏది డబ్బు దండగ, ఏది కన్ను తీస్తుంది అన్నది నాకు అర్థమైనంత మేరకు రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాను. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలిస్తే చాలు, సగం టెన్షన్ పోతుంది.

ముందు ఏ లేజరో చెప్పగలగాలి

మా షాపులో రెండు మిషన్లున్నాయి. రెండూ లేజరే గానీ కంటి విషయంలో ఒకదానికొకటి పోలిక లేదు. అక్రిలిక్, చెక్క కోసేది సీఓ2 మిషన్. దాని కిరణం 10,600 నానోమీటర్లు. దాన్ని కంటి ముందుభాగమే, అంటే కార్నియా, దాని మీది తడి కలిసి పీల్చేసుకుంటాయి, కంటి వెనక గోడ మీదున్న రెటీనా దాకా పోనివ్వవు. కాలితే పైన కాలుతుంది, నొప్పికి మనిషి గంతులేస్తాడు, ఎవరూ చెప్పకుండానే ఆసుపత్రికి పరిగెడతాడు. స్టీలు మీద రాసే ఫైబర్ మిషన్ కిరణం 1,064 నానోమీటర్లు. ఇది కార్నియాను, లెన్స్‌ను కిటికీ అద్దంలోంచి ఎండ వచ్చినంత తేలిగ్గా దాటేస్తుంది. సుమారు 400 నుంచి 1,400 నానోమీటర్ల దాకా ఉన్న లేజర్లన్నీ ఇంతే. పైగా మన కంటి లెన్స్ భూతద్దం పని చేస్తుంది. కార్నియా మీద పడిన కిరణం తీవ్రత రెటీనా మీద ఒక చుక్కలోకి చేరేసరికి దాదాపు లక్ష రెట్లు పెరుగుతుంది. రెటీనాకేమో నొప్పి తెలిపే నరాలు లేవు. అందుకే నాకు నొప్పి పుట్టలేదు.

అందుకని నొప్పి లేదు కాబట్టి పెద్దదేం కాదు అనుకోవడం ఇక్కడ పూర్తిగా తలకిందులు లెక్క. బాలానగర్, జీడిమెట్ల వైపు షెడ్లలో వెల్డింగ్ వెలుగు తగిలినవాళ్లు చాలామంది ఉంటారు. పనైపోయి ఇంటికెళ్లాక, రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. అది అతినీలలోహిత కిరణాలు కార్నియాను కాల్చడం. ఆ అనుభవం ఉన్నవాళ్లు లేజర్ తగిలినా 'రేపటికి తగ్గుతుందిలే' అని పడుకుంటారు. నొప్పి లేకుండా చూపు మధ్యలో మచ్చ వస్తే, లేదా తిన్నని గీత వంకర పోతే, అది రెటీనా సంగతి.

కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పరికరం పేరు, మీద అంటించిన లేబుల్ ఫోటో తీసుకెళ్లండి. ఎన్ని వాట్లు, ఎన్ని నానోమీటర్లు, పల్స్‌గా వస్తుందా ఆగకుండా వస్తుందా అన్నవి పనికొస్తాయి. ఆగకుండా వచ్చేది రెటీనాను వేడితో మాడుస్తుంది. నానోసెకన్ల పల్స్ అయితే చిన్న పేలుడులా చీలుస్తుంది, రక్తం రావడం, మాక్యులాకు, అంటే సూటి చూపునిచ్చే రెటీనా నడిమి భాగానికి, చిల్లి పడటం వీటిలోనే ఎక్కువ. హెయిర్ రిమూవల్ క్లినిక్కుల్లో వాడే 755, 808, 1,064 నానోమీటర్ల లేజర్లు కూడా రెటీనాకు చేరేవే. అక్కడ కళ్లకు షీల్డు పెట్టకుండా ముఖం మీద పని మొదలుపెడితే లేచి వచ్చేయండి, మొహమాటం వద్దు.

చేతిలో పట్టుకునే పాయింటర్ల లేబుల్‌ని మాత్రం నమ్మకండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2013లో 122 పాయింటర్లను పరీక్షిస్తే ఆకుపచ్చ వాటిలో దాదాపు 90 శాతం, ఎర్రవాటిలో 44 శాతం అక్కడి నిబంధన దాటి ఉన్నాయి. చౌకరకం ఆకుపచ్చ పాయింటర్ లోపల నిజానికి 808 నానోమీటర్ల పరారుణ లేజర్ ఉంటుంది, దాన్ని స్ఫటికాలతో 1,064గా, ఆపైన 532 ఆకుపచ్చగా మారుస్తారు. పరారుణాన్ని ఆపే ఫిల్టర్ పెట్టకపోతే ఆకుపచ్చతోపాటు కనబడని కిరణం కూడా బయటికొస్తుంది. పెళ్లి బరాత్‌లో, గణేశ్ ఊరేగింపులో డీజే లేజర్ తగిలి ఫోన్ కెమెరాకు శాశ్వతంగా గీత పడిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఆ కెమెరా వెనక నిలబడింది కూడా ఒక కన్నే.

కాలిన కణం, దాని పక్కింటి కణం

రెటీనాలో వెలుగును పట్టుకునే కణాలు రాడ్లు, కోన్లు. వాటి కింద వాటిని పోషించే నల్లటి పొర ఒకటి ఉంటుంది. లేజర్ వేడిని ముందు పీల్చేది ఆ నల్లపొర, దాంతోపాటు పైనున్న కోన్లు పోతాయి. పోయినవి మళ్లీ పుట్టవు. ఈ మాట ఏ డాక్టరైనా మీకు చెప్పకుండా దాటవేస్తే మీరే అడగండి.

మరి కాపాడేదేమిటి? పక్కవి. గడ్డివాము అంటుకుంటే మంట ఆరాక కూడా నిప్పురవ్వలు పక్క వాము మీద పడతాయి కదా, అలాంటిదే. చచ్చిన కణం నుంచి గ్లుటమేట్ లాంటి రసాయనాలు బయటికొస్తాయి, వాపు వస్తుంది, రక్తం చేరితే అందులోని ఇనుము విషమవుతుంది. వీటితో చుట్టుపక్కల కణాలు గంటల్లోనో రోజుల్లోనో దెబ్బతింటాయి. 'రెటీనా కణాలను కాపాడే' మందులని ఎవరు ఏది చెప్పినా వాళ్ల గురి ఈ రెండో దెబ్బ మీదే. దీని మీద ప్రయోగశాలల్లో చాలాకాలంగా పని జరుగుతోంది. ఎలుకల్లో లేజర్‌తో గాయం చేసి గ్లుటమేట్‌ని అడ్డుకునే ఎంకే-801 ఇస్తే గాయం చిన్నదైంది. గ్లకోమాకు వాడే బ్రిమోనిడిన్ మీద కూడా ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి. కానీ మనుషుల లేజర్ గాయానికి ఇదీ మందు అని రుజువై మెడికల్ షాపులోకి వచ్చింది ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. బ్రిమోనిడిన్ చుక్కలు షాపులో దొరుకుతాయి కాబట్టి మీ అంతట మీరు తెచ్చి వేసుకోవడం మొదలుపెట్టకండి. చుక్క మందు రెటీనాకు ఎంత చేరుతుందన్నది వేరే గొడవ.

ఒక మంచి మాట కూడా ఉంది. చిన్న గాయమైతే చుట్టుపక్కల బతికున్న కణాలు నెమ్మదిగా జరిగి ఖాళీని కొంత పూడుస్తాయని జంతువుల రెటీనాలో చూశారు. మెదడు కూడా ఆ లోటును సర్దుకుంటుంది. మందేమీ లేకుండానే చాలామందికి మొదటి కొన్ని వారాల్లో చూపు కొంత తేరుకోవడానికి ఇదీ ఒక కారణం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, స్టెరాయిడ్ల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

మొదటి రోజు ఎక్కడికి వెళ్లాలి

కళ్లజోళ్ల షాపులో ఉచిత పరీక్ష, ఇంటి పక్క కంటి క్లినిక్, రెటీనా డాక్టర్ ఉన్న ఆసుపత్రి: ఈ మూడింటిలో నేను రెండోదానికి వెళ్లి తప్పు చేశాను. రాత్రి ఎనిమిదయింది, అది దగ్గర. అక్కడి డాక్టర్ టార్చితో చూసి, నల్లగుడ్డు బాగుందన్నారు, 'లోపల నరం దెబ్బతిని ఉండొచ్చు' అని ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు రాశారు. ఓసీటీ, అంటే రెటీనా స్కాన్, లేదు. షుగర్ ఉందా అని అడగలేదు. నేనూ చెప్పలేదు, టెన్షన్‌లో గుర్తుకే రాలేదు. రెండు రోజులకు పొద్దున్నే పరగడుపున చూసుకుంటే షుగర్ 240.

నా మాట వింటే నేరుగా రెటీనా విభాగం, ఓసీటీ మిషన్ రెండూ ఉన్నచోటికే వెళ్లండి, ఆ రోజు కుదరకపోతే మర్నాడు పొద్దున్నే. హైదరాబాద్‌లో ఈ విషయంలో మనం అదృష్టవంతులం. మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. బంజారాహిల్స్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది, అక్కడ డబ్బు కట్టలేనివాళ్లకు ఉచితంగా చూసే ఏర్పాటు కూడా ఉంది. ప్రైవేటులోనూ రెటీనా డాక్టర్లకు కొదవ లేదు. ప్రభుత్వమా, ప్రైవేటా అన్నది ఓపికకు, జేబుకు సంబంధించిన తేడా. ఓసీటీ తీశారా లేదా అన్నదే కంటికి సంబంధించిన తేడా.

ఓసీటీ అంటే భయపడాల్సిందేం లేదు. గడ్డం ఆనించి ఒక ఆకుపచ్చ గుర్తు వైపు చూస్తే సరి, ఏదీ కంటిని తాకదు. వెలుగుతోనే రెటీనాను కేకు కోసినట్టు అడ్డంగా కోసి చూపిస్తుంది, మైక్రాన్లలో. చివరికి నేనూ రెటీనా విభాగానికే వెళ్లాను. అక్కడ తీసిన నా కంటి బొమ్మలో మాక్యులా గుంట పక్కనే పొరల మధ్య నిలువుగా ఒక తెల్లటి గీత ఉంది, సరిగ్గా ఆ గీత దగ్గర కోన్ల వరుస తెగింది. 'మీ పద్నాలుగో తారీకు ఇక్కడుంది' అన్నారు అక్కడి రెటీనా డాక్టరమ్మ. పక్కన చిన్న రక్తపు మరక. వాపు లేదు, చిల్లి లేదు.

కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తారు, కొన్ని గంటలపాటు ఎండ చూడలేరు, దగ్గరిది చదవలేరు. బండి మీద వెళ్లకండి, ఎవరినైనా తోడు తీసుకుని మెట్రోలోనో ఆటోలోనో వెళ్లండి. చేతికి రంగు మందు ఇంజెక్షన్ ఇచ్చి తీసే యాంజియోగ్రఫీ అందరికీ అవసరం లేదు. తీస్తే ఆ రోజంతా ఒళ్లు పసుపు రాసుకున్నట్టుంటుంది, మూత్రం రంగు మారుతుంది, కంగారు పడకండి. ఓసీటీ కాపీ తప్పకుండా అడిగి తీసుకోండి. వీలైతే తర్వాతి స్కాన్లు కూడా అదే మిషన్ మీద తీయించుకుంటే పాతదానికీ కొత్తదానికీ తేడా తేలిగ్గా తెలుస్తుంది.

స్టెరాయిడా, ఆగి చూడటమా

అసలు తికమక ఇక్కడే. ఇద్దరు మంచి డాక్టర్లు కూడా ఇక్కడ రెండు మాటలు చెప్పొచ్చు, ఇద్దరూ తప్పు కాకపోవచ్చు.

స్టెరాయిడ్ వైపు వాదన సూటిగా ఉంటుంది. గాయం చుట్టూ వాపు వస్తుంది, వాపు పక్క కణాలను చంపుతుంది, స్టెరాయిడ్ వాపు తగ్గిస్తుంది. కాబట్టి మొదటి రోజుల్లోనే కొన్నాళ్లు ఇచ్చి తగ్గించుకుంటూ ఆపేస్తే కొన్ని కణాలైనా మిగులుతాయి. వినడానికి బాగుంది. స్టెరాయిడ్ వాడి చూపు తేరుకున్న రోగుల గురించి డాక్టర్లు పత్రికల్లో రాశారు కూడా. చిక్కేమిటంటే, ఏమీ వాడకుండా తేరుకున్నవాళ్ల గురించీ రాశారు. జంతువుల ప్రయోగాల్లో ఫలితాలు ఒకవైపు మొగ్గలేదు. మనుషుల్లో సగం మందికి ఇచ్చి, సగం మందికి ఇవ్వకుండా పోల్చిన సరైన ట్రయల్ లేదు. ఉండటం కష్టం కూడా, ఎందుకంటే ఒకే రకం గాయంతో ఒకే రోజు వందమంది ఆసుపత్రికి రారు కదా. మాత్ర వేసుకుని తేరుకున్నవాడు మాత్ర వల్లే అంటాడు, నందివర్ధనం పెట్టుకుని తేరుకున్నవాడు పువ్వు వల్లే అంటాడు.

అవతల వైపు నష్టాలు మాత్రం ఖాయంగా తెలిసినవే. షుగర్ పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, కడుపులో మంట, నిద్ర పట్టదు. కొందరికి కంటి ఒత్తిడి పెరుగుతుంది. పాత టీబీ ఉన్నవాళ్లకు అది తిరగబెట్టే ప్రమాదం ఉంది. ఇంకొకటి కూడా ఉంది. మధ్య చూపులో మచ్చ, గీతలు వంకర అనే లక్షణాలు సీఎస్‌ఆర్ అనే జబ్బులోనూ ఉంటాయి. రెటీనా కింద నీరు చేరే ఈ జబ్బును స్టెరాయిడ్ పెంచుతుంది. డీజే లేజర్ చూసిన మర్నాడు మచ్చ కనబడిందని వచ్చినవాడికి నిజానికి ఉన్నది సీఎస్‌ఆర్ అయితే, ఓసీటీ లేకుండా ఇచ్చిన స్టెరాయిడ్ ఎదురు తిరుగుతుంది. ఓసీటీ లేకుండా మాత్ర మింగొద్దని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

నా పద్ధతి చెప్తాను. ఓసీటీలో వాపు స్పష్టంగా ఉండి, గాయం అయి కొద్ది రోజులే అయి, షుగర్, గ్లకోమా, అల్సర్, టీబీ చరిత్ర ఏవీ లేకపోతే, రెటీనా డాక్టర్ కొన్నాళ్ల కోర్సు ఇస్తానంటే నేను కాదనను. వాపు లేకుండా కోన్ల వరుస తెగి మాత్రమే ఉంటే, లేదా గాయమై నెల దాటితే, మింగడానికి నాకు కారణం కనబడదు. నా సంగతిలో డాక్టరమ్మ స్కాన్ చూపించి, రెండు రోజులే వాడాను కాబట్టి మాత్రలు ఆపేయమన్నారు. ఎక్కువ రోజులు వాడినవాళ్లు ఇలా ఒక్కసారిగా ఆపకూడదు, తగ్గించుకుంటూ రావాలి, ఎలాగో డాక్టరే చెప్పాలి.

'మరి ఏమీ ఇవ్వరా?' అని అడిగాను. ఫీజు కట్టి వచ్చి ఖాళీ చేతులతో వెళ్లాలంటే మనవాళ్లకు మనసొప్పదు కదా. 'ఆగి చూడటం కూడా వైద్యమే, కాకపోతే దానికి చీటీ ఉండదు' అన్నారావిడ. ఆగి చూడటం అంటే ఇంట్లో పడుకోవడం అనుకోకండి. నాకు వారానికి, నెలకి, మూడు నెలలకి ఓసీటీ తీశారు, తేడా వస్తే ఆ రోజే రమ్మన్నారు. ఇంట్లో రోజూ గడుల కాగితం పరీక్ష. పది సెంటీమీటర్ల చదరంలో ఐదు మిల్లీమీటర్ల గడులు, మధ్యలో చుక్క. చదివే కళ్లజోడు పెట్టుకుని, ముప్ఫై సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ఒక కన్ను మూసి మధ్య చుక్కనే చూడాలి. ఏ గీత వంగింది, ఏ గడి మాయమైంది అని పెన్సిల్‌తో గుర్తుపెట్టి తారీకు వేయాలి. రెండు కళ్లూ తెరిచి చూస్తే పనికిరాదు, మంచి కన్ను చెడ్డ కన్ను తప్పును కప్పేస్తుంది. నేను మొదటి వారం అచ్చంగా ఆ పొరపాటే చేసి, బాగైపోయిందని మిఠాయి కూడా పంచాను.

వాపు తగ్గించే చుక్కలు, అంటే నెపాఫెనాక్ లాంటివి, కొందరు రాస్తారు. లేజర్ గాయానికి అవి మేలు చేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. రాస్తే ఎన్నాళ్లో అడగండి, అంతకంటే ఆలోచించాల్సిందేం లేదు.

ఆగకూడని సందర్భాలు

ఆగి చూడమన్నారు కదా అని అందరూ ఆగితే కొందరికి కన్ను పోతుంది. ఓసీటీలోనో, కంటి లోపలి పరీక్షలోనో మూడు సంగతుల్లో ఏది కనబడినా లెక్క మారుతుంది.

మొదటిది రక్తం. రెటీనా ముందు చేరిన రక్తం చాలాసార్లు తానే కరుగుతుంది. ఎక్కువగా ఉంటే యాగ్ లేజర్‌తో చిన్న దారి చేసి జారిపోనిస్తారు, లేజర్ చేసిన పనిని లేజరే విప్పాలన్నమాట. రెటీనా కింద, సరిగ్గా మాక్యులా కింద మందంగా చేరిన రక్తం వేరు. అది కోన్లను రోజుల్లోనే పాడు చేస్తుంది. గ్యాస్ ఎక్కించడమో, రక్తాన్ని కరిగించే మందు వేయడమో, ఆపరేషనో, ఏది చేసినా త్వరగా చేయాలి. 'వచ్చే నెల చూద్దాం' అంటే ఇంకో డాక్టర్‌ని అడగండి. గుండెకు రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నవాళ్లు ఆ సంగతి చెప్పాలి, మీ అంతట మీరు మాత్రం వాటిని ఆపకండి.

రెండోది చిల్లి. పల్స్ లేజర్ అయినా, ఇప్పుడు చేతికొస్తున్న బలమైన నీలం లేజర్ అయినా మాక్యులాకు చిల్లి పెట్టగలదు. సౌదీలో రియాద్ కంటి డాక్టర్లు నీలం చేతి లేజర్‌తో ఆడుకున్న కుర్రాళ్లలో ఇలాంటి చిల్లులు చూసి పత్రికలో రాశారు. చిన్న చిల్లి కొందరిలో తానే పూడుతుంది, అందుకే కొన్ని వారాలు స్కాన్లతో చూసి ఆ తర్వాత నిర్ణయించడం సబబే. పూడకపోయినా, పెద్దదవుతున్నా విట్రెక్టమీ ఆపరేషన్ చేస్తారు. కంటి లోపలి జెల్లీ తీసి, రెటీనా మీద పలచటి పొర ఒలిచి, గ్యాస్ నింపుతారు. తర్వాత కొన్ని రోజులు తల వంచుకునే ఉండాలి. ఇంట్లో చేసిపెట్టేవాళ్లు ఎవరో ముందే చూసుకోండి. గ్యాస్ కరిగేదాకా, రకాన్ని బట్టి రెండు మూడు వారాల నుంచి రెండు నెలల దాకా, విమానం ఎక్కకూడదు, డాక్టర్‌ని అడగకుండా ఎత్తయిన కొండ ప్రాంతాలకు వెళ్లకూడదు. అమెరికాలో ఉన్న కొడుకు టికెట్ పంపినా సరే. చిల్లి పూడినంత మాత్రాన కాలిన కోన్లు తిరిగిరావు, కాబట్టి ఆపరేషన్‌కు ముందే 'చూపు ఎంత వరకు వస్తుందని అనుకుంటున్నారు?' అని అడిగి పెట్టుకుంటే తర్వాత గొడవ ఉండదు.

మూడోది ఆలస్యంగా వచ్చేది, అందుకే ప్రమాదం. గాయం మానిందనుకున్నాక, వారాలకో నెలలకో, ఆ మచ్చలోంచి రెటీనా కిందికి కొత్త రక్తనాళాలు మొలవొచ్చు. అవి కారుతాయి, రక్తం చిందుతాయి. అప్పటిదాకా తిన్నగా ఉన్న గీత మళ్లీ వంగడం దీని గుర్తు. దీనికి మందుంది, లేజర్ గాయం మొత్తంలో గట్టిగా పనిచేసే మందంటూ ఉంటే ఇదే: కంట్లోకి ఇచ్చే యాంటీ వీఈజీఎఫ్ ఇంజెక్షన్. బెవసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబర్సెప్ట్ అని మూడు పేర్లు వినబడతాయి. బెవసిజుమాబ్ బాగా చౌక. అసలు కేన్సర్ మందు, కంటికి చిన్న మోతాదుల్లో విడగొట్టి వాడతారు, కాబట్టి ఆ విడగొట్టడం శుభ్రంగా చేసేచోటే వేయించుకోవాలి. కంట్లో సూది అంటే గుండె ఝల్లుమంటుంది గానీ, చుక్కలతో మొద్దుబార్చి చేస్తారు, క్షణాల పని. కొత్త రక్తనాళాలు లేకుండా 'ముందుజాగ్రత్తగా ఒక ఇంజెక్షన్' అంటే మాత్రం ఎందుకని అడగండి.

మా పెద్దమ్మ ఇంకో అనుమానం తెచ్చింది: 'షుగర్ వాళ్లకు కంటికి లేజర్ పెడతారు కదరా, నీకూ పెట్టించుకో.' ఆ లేజర్ మాక్యులా నడిమధ్యను వదిలి, పక్కన కొలిచి పెట్టే వాతలు. చికిత్స లేజర్‌కూ నాకు తగిలినదానికీ తేడా పొయ్యిలో మంటకూ ఇంటికి అంటుకున్న మంటకూ ఉన్న తేడా.

గోళీలు, పూలు, స్టెమ్ సెల్

లూటిన్ గోళీల డబ్బా మీద 'రెటీనాకు రక్షణ' అని ఉంటుంది. దాని వెనక ఉన్న పెద్ద ఆధారం అమెరికాలో జరిగిన ఎరెడ్స్-2 ట్రయల్, 2013లో ఫలితాలు వచ్చాయి. 4,203 మంది, అందరూ 50 దాటినవాళ్లు, వయసుతో వచ్చే మాక్యులా జబ్బు ఉన్నవాళ్లు. లేజర్ తగిలినవాళ్లు అందులో ఎవరూ లేరు. రోజుకు 10 మిల్లీగ్రాముల లూటిన్ వల్ల పెద్ద హాని లేదు, మీ గాయానికి మేలని రుజువూ లేదు. సిగరెట్ తాగేవాళ్లు బీటా కెరోటిన్ ఉన్న డబ్బా మాత్రం తీసుకోకండి, వాళ్లలో ఊపిరితిత్తుల కేన్సర్ పెరిగిందని తేలింది. నేను రెండు నెలలు కొని మానేశాను. ఆ డబ్బుతో మా ఆవిడ పొన్నగంటికూర పప్పు వారానికి రెండుసార్లు చేస్తోంది. లూటిన్ ఆకుకూరల్లో ఉండేదే. కన్ను సంగతి తెలియదుగానీ అన్నం బాగా దిగుతోంది.

నందివర్ధనం పూలు మూసిన కనురెప్పల మీద చల్లగా పెట్టుకుంటే అమ్మకు తృప్తి, నాకు నిద్ర. కంట్లో రసం పిండటం, తేనె, ఆముదం, చనుబాలు పోయడం మాత్రం వద్దు. గాయం ఉన్నది కంటి వెనక గోడ మీద, మీరు పోసేది ముందు గుమ్మంలో. అక్కడికి ఏదీ చేరదు, చేరేది ఇన్‌ఫెక్షన్ ఒక్కటే.

స్టెమ్ సెల్ మాట జాగ్రత్తగా వినండి, ఎందుకంటే హైదరాబాద్‌లో దీనికో గందరగోళం ఉంది. ఎల్.వి. ప్రసాద్‌లో కంటికి స్టెమ్ సెల్ చికిత్స చేస్తారన్న మాట నిజమే. యాసిడ్, సున్నం పడి కార్నియా పాడైనవాళ్లకు కంటి అంచు కణాలు నాటే స్లెట్ అనే పద్ధతిని అక్కడి డాక్టర్లే 2012లో ప్రకటించారు. అది కంటి ముందు పొరకు. రెటీనాకు కాదు. రెటీనాకు స్టెమ్ సెల్ ఇప్పటికీ ప్రయోగ దశలోనే ఉంది. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల ప్రకారం రక్తసంబంధ జబ్బుల మజ్జ మార్పిడి లాంటివి తప్ప మిగతావన్నీ అనుమతి ఉన్న ట్రయల్‌లోనే జరగాలి. ట్రయల్ అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోరు. ఎవరైనా లక్షలు అడుగుతూ కంట్లో స్టెమ్ సెల్ వేస్తామంటే అక్కడే ఆగిపోండి. అమెరికాలో ఫ్లోరిడాలోని ఒక క్లినిక్‌లో కొవ్వు నుంచి తీసిన కణాలను కంట్లోకి ఎక్కించుకున్న ముగ్గురు మహిళలకు చూపు దాదాపు పూర్తిగా పోయిన సంగతి 2017లో వైద్య పత్రికలో వచ్చింది. మా బావమరిదికి ఇది చెప్తే, 'మన దగ్గర అలా జరగదు బావా' అన్నాడు. ఎందుకు జరగదో మాత్రం చెప్పలేదు.

పిల్లలైతే

నాంపల్లి నుమాయిష్‌లోనో, ఫుట్‌పాత్ మీదనో కొన్న పాయింటర్‌తో పిల్లలు అద్దంలోకి కొట్టుకుంటారు, ఎవరు ఎక్కువసేపు చూస్తారో అని పందెం కాస్తారు. తిడతారని చెప్పరు. బోర్డు మీద అక్షరాలు కనబడటం లేదంటే మనం సైటు వచ్చిందని కళ్లజోడు కొంటాం. కళ్లజోడుతోనూ చూపు పూర్తిగా రాకపోతే, తిట్టకుండా, లేజర్ ఏదైనా చూశావా నాన్నా అని అడగండి. వైద్యం పెద్దలకున్నదే. మాత్రల దగ్గర ఇంకా జాగ్రత్త, ఫాలోఅప్ దగ్గర ఇంకా ఓపిక. ఒకరి కళ్లలోకి కొట్టి గుడ్డిచేసే లేజర్ ఆయుధాలను యుద్ధంలో కూడా వాడకూడదని 1995లో వియన్నాలో దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. మన వీధుల్లో అదే పని చేయగల వస్తువు కీచైన్‌కు తగిలించి అమ్ముతున్నారు.

మిగిలిన కన్ను

నాకు మొదటి రోజు ఎడమ కన్ను 6/36 (మామూలు చూపు 6/6). నెలకు 6/18, మూడు నెలలకు 6/12, ఇప్పుడు 6/9. అక్కడితో ఆగింది, ఇంకా పెరుగుతుందని డాక్టరమ్మ చెప్పలేదు, నేనూ అడగడం మానేశాను. ఆర్నెల్లకోసారి వెళ్తున్నాను.

గాగుల్స్ మార్చాను. మిషన్‌తోపాటు ఉచితంగా వచ్చిన ఆకుపచ్చ ప్లాస్టిక్‌వి ఏ కిరణాన్ని ఎంత ఆపుతాయో వాటి మీద రాసే లేదు. కొత్తవాటి మీద 1,064 దగ్గర ఓడీ 6 అని అచ్చేసి ఉంది, అంటే కిరణాన్ని పది లక్షల వంతుకు తగ్గిస్తాయి. కొనేటప్పుడు మీ మిషన్ నానోమీటర్ల నంబరు, గాగుల్స్ మీది నంబరు కలుస్తున్నాయా అని చూడండి. సీఓ2 మిషన్‌కు వాడే తెల్లటి పాలికార్బొనేట్ జోడు ఫైబర్ కిరణానికి అడ్డే రాదు, పెట్టుకున్నా పెట్టుకోనట్టే. మా కుర్రాడు మొదటివారం 'ఇది పెట్టుకుంటే సరిగ్గా కనబడట్లేదన్నా' అని నసిగాడు. వాడి కుడి కన్ను మూయించి నా గడుల కాగితం చేతికిచ్చాను. వాడికి అన్ని గీతలూ తిన్నగా కనబడ్డాయి. తర్వాత నేను పెన్సిల్‌తో గుర్తుపెట్టిన పాత కాగితం చూపించాను. ఏమీ మాట్లాడకుండా గాగుల్స్ పెట్టుకుని వెళ్లి మిషన్ కవర్ మూశాడు.

క్యాలెండర్‌లో పద్నాలుగు ఇప్పుడు కనబడుతోంది. దాని కింద చిన్న అక్షరాల్లో వేసే తిథి మాత్రం ఎడమ కంటితో చదవలేను.